నా మొదటి క్యాసెట్‌లోని గొంతు

ఒక పాట వినిపిస్తే నేను ఉన్నచోట ఉండలేను. హోటల్లో అయితే సగం తిన్న ఇడ్లీ వదిలి లేచిపోతాను. బస్సులో అయితే తర్వాతి స్టాపులో దిగిపోతాను. ఇలా పారిపోవడం మొదలై పదేళ్లు దాటింది. ఆ పాట నాదే. నేను రాసి, నేను పాడి, నాకు పేరు తెచ్చిన పాట. మీరూ వినే ఉంటారు, మీ ఇళ్లలో ఏదో ఒక పెళ్లికి మోగే ఉంటుంది. దాని వెనక ఉన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఒకసారి కొండకు పోయి గుండు కొట్టించుకుని, దేవుడి ముందైనా ఒప్పుకుందామని క్యూలో నిలబడ్డాను. ఆయన కనబడిన ఆ కాసేపట్లో వెనకవాళ్లు తోస్తుంటే, అందరినీ చల్లగా చూడు స్వామీ అని ఎప్పటి మొక్కే మొక్కి బయటపడ్డాను. అలాంటి మనిషిని నేను. మీరెవరో నాకు తెలియదు. అదొక్కటే నాకు కాస్త ధైర్యం.

మాది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. చెరుకు, వేరుశనగ వేసుకునే కుటుంబం. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ర్యాప్ పిచ్చి పట్టింది. పాట అంటే పాట కాదు, తాళం తప్పకుండా గుక్కతిప్పుకోకుండా మాట్లాడటం. నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ, అది పనికొచ్చే చోటు దొరికింది. కాలేజీ వార్షికోత్సవంలో హాస్టల్ సాంబారు మీద, ఫెయిలైన ఇంగ్లీషు పేపరు మీద కట్టి పాడితే పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేశారు. సెలవులకు ఇంటికి పోతే నాయన నా వదులు ప్యాంటు చూసి, దీంట్లో ఇంకొకడు పడతాడు, వాణ్ణి యాడ వదిలిపెట్టి వచ్చినావని అడిగాడు. ఊరంతా నవ్వింది. దాము ఒక్కడే నవ్వకుండా, ఆ ప్యాంటు ఒకసారి తొడుక్కుని చూస్తానని అడిగాడు.

దాము నాకు వరసకు అత్తయ్యే చెంగమ్మ కొడుకు. మా వీధే. నేను చదువుకున్నాను, వాడు పదో తరగతి తప్పి ట్రాక్టరు ఎక్కాడు. అంతే తేడా. నేను కట్టిన ప్రతి పాటా మొదట వాడికే వినిపించేవాణ్ణి. వాడు తల ఊపితే బాగున్నట్టు, చెవిలో పుల్ల పెట్టుకుంటే బాగోలేనట్టు.

డిగ్రీ అయిన ఏడాది, మద్రాసులో ఒక పెద్ద క్యాసెట్ల కంపెనీ నన్ను పిలిచింది. తెలుగులో ర్యాప్ క్యాసెట్టు తీద్దామన్నారు. ఎనిమిది పాటలు. ఏడు పాటలు విని కంపెనీ పెద్దాయన నా ముందే ఆవలించాడు. అన్నీ ఎక్కడో విన్నట్టున్నాయి, నీ ఊరిది అంటూ ఏమీ లేదా అన్నాడు. ఒక్క పాట, వింటే ఒళ్లు జలదరించే పాట ఒక్కటి తేకపోతే ఇది బయటికి రాదన్నాడు. పదిహేను రోజులు గడువు ఇచ్చాడు. మంచి చప్పుడు ఏది వినిపించినా పట్టుకురమ్మని, జేబులో పట్టే చిన్న టేప్ రికార్డర్ ఒకటి చేతిలో పెట్టాడు. నేను ఊరికి వచ్చి కోడెగిత్తల మువ్వలు, చెరుకు గానుగ, గుడి డప్పు అన్నీ పట్టాను. ఏదీ పనికి రాలేదు. గడువు దగ్గర పడేకొద్దీ అన్నం సయించలేదు.

పన్నెండో రోజు పొద్దున చెరుకు లోడుతో ట్రాక్టరు గట్టు మీద నుంచి పడి దాము చనిపోయాడు.

ఇక్కడ మీకు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, పోయినవాళ్ల సంగతులన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. పక్కనే అరవదేశం కాబట్టి మేమూ దాన్ని ఒప్పారి అనే అంటాం. ఒకామె ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. మా చుట్టుపక్కల పల్లెల్లో ఎత్తుకోవడానికి చెంగమ్మత్త తర్వాతే ఎవరైనా. ఎక్కడ చావు జరిగినా ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. ఆమె వచ్చి కూర్చుంటే గాని మగవాళ్లకు కూడా కన్నీళ్లు వచ్చేవి కావు. అయితే దానికొక కట్టడి ఉంది. శవం లేచాక ఆ ఏడుపు అక్కడితో ఆగిపోవాలి. స్నానం చేసి ఇంట్లోకి వచ్చాక ఆ రాగం మళ్లీ ఎవరి నోటా రాకూడదు. వస్తే ఇంకొక చావును పిలిచినట్టే. చిన్నప్పుడు నేనూ దామూ మామిడి తోపులో చచ్చిన ఉడుతను పెట్టుకుని ఆమె లాగే రాగం తీస్తుంటే, ఆమే పరుగెత్తుకొచ్చి చింతబరికెతో ఇద్దరి వీపులూ చిట్లగొట్టింది. అంటే నాకు తెలియక చేసిన పని కాదు. ఆ కట్టడి నా వీపుకు తెలుసు.

దాము మీద చెంగమ్మత్త ఏడ్చిన ఏడుపు నేను వర్ణించను. వాడికి సంగటి మాడు ఇష్టమని, కొత్త చెప్పులు ఇంకా పెట్టెలోనే ఉన్నాయని, అన్నీ చెప్పింది. ప్రతి మాట చివరా గుండెల మీద రెండు దెబ్బలు వేసుకునేది, ఆ తర్వాత ఒక పొడుగాటి కేక తీసేది. రెండు దెబ్బలు, ఒక కేక. ఎంత దుఃఖంలోనూ ఆ లెక్క తప్పలేదు. నేను వాడి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏడుస్తున్నాను. అబద్ధం ఏడుపు కాదు, నమ్మండి. కానీ నా చెయ్యి జేబులోకి పోయింది.

ఏడుస్తూ బటన్ నొక్కానా, నొక్కి ఏడ్చానా? ఆ రోజు నుంచీ ఇదే నన్ను తినేస్తోంది. ఒక్కొక్క రోజు, స్నేహితుడి తల్లి గొంతు దాచుకుందామనే నొక్కానని, పాట ఆలోచన తర్వాత వచ్చిందని నన్ను నేను సముదాయించుకుంటాను. కాసేపు నిజమే అనిపిస్తుంది. అప్పుడే ఇంకొకటి గుర్తొస్తుంది. ఒక పక్క టేపు అయిపోయింది. నేను లేచి, గడ్డివామి వెనక్కి పోయి, క్యాసెట్టు తిప్పి పెట్టుకుని, మళ్లీ వచ్చి అదే చోట కూర్చున్నాను. దాచుకోవడానికైతే ఒక పక్క చాలు కదా?

మద్రాసు స్టూడియోలో ఆమె మాటలన్నీ కోసేశారు. దెబ్బలూ కేకా మిగిల్చారు. వేగం పెంచారు, గొంతు సన్నబడింది, కింద యంత్రాల మోత వేశారు. ఆ రెండు దెబ్బలు విని సౌండు ఇంజినీరు పొంగిపోయాడు. ఇది ఏం వాయిద్యమని అడిగాడు. మా చిత్తూరు వైపు వాయిద్యం సార్, మట్టితో చేస్తారు అన్నాను. అంత తొందరగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు. దాని మీద నేను ఊరి కుర్రాళ్ల గొప్పల గురించి, బైకుల గురించి, అమ్మాయిల గురించి గుక్కతిప్పుకోకుండా పాడాను. కంపెనీ పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. క్యాసెట్టు పేరే ఆ పాట పేరు పెట్టారు.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. చిత్తూరు బస్టాండులో, తిరుపతి లాడ్జీల కింద, కొండకు పోయే జీపుల్లో అదే పాట. గోడల మీద నా బొమ్మ, తల మీద తిరగేసిన టోపీ. కాలేజీలు పిలిచాయి, శాలువాలు కప్పాయి. నాయన మాటలతో మెచ్చుకునే మనిషి కాదు, కానీ పూతలపట్టు కూడలిలో టీ అంగడి ముందు అవసరం లేకపోయినా నిలబడేవాడట, పాట వస్తే ఎవరైనా తన వైపు చూస్తారేమోనని. నాకు సంతోషంగా లేదంటే మీరు నమ్మకండి. నేను పండగ చేసుకున్నాను. ఆ గొంతు ఎవరిదో ఎవరూ కనిపెట్టలేదు. శవం దగ్గర ఏడుపు క్యాసెట్టులోకి ఎక్కుతుందని ఎవరు అనుకుంటారు?

ఏడాది దాటాక చెంగమ్మత్త కూతురు ధనమ్మకు పెళ్లి చేశారు. మా ఊరి గొప్పవాణ్ణి నేనే కాబట్టి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తలంబ్రాలు అయ్యాయి. నా గౌరవం కోసం మైకుసెట్టతను నా పాట పెట్టాడు. దాము పోయాక ఇల్లు కదలక ఆ పాట అంతవరకూ వినని చెంగమ్మత్త, పసుపూ కుంకుమా ఉన్న పళ్లెం పట్టుకుని వియ్యాలవారి ఆడవాళ్ల వైపు నడుస్తోంది. రెండు దెబ్బలు పడ్డాయి, కేక వచ్చింది. ఆమె ఆగిపోయింది. పళ్లెం కింద పడింది. చుట్టూ పిల్లలు ఎగురుతున్నారు. ఆమె మైకుసెట్టు దగ్గరికి పరుగెత్తి, ఆపండి, అది నేను నా కొడుకు మీద ఏడ్చింది, పెళ్లింట్లో పెట్టొద్దండి అని అతని కాళ్లు పట్టుకుంది. ఎవరికీ అర్థం కాలేదు. బిడ్డ పోయిన తల్లి, శుభకార్యంలో వాడు గుర్తొచ్చి ఏదో అంటోంది అనుకున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. మెడలో దండ కూడా తీయలేదు.

అప్పటి నుంచి ఆమెకు నిలకడ లేకుండా పోయింది. పాట ఎక్కడ మోగినా వెతుక్కుంటూ పోయి ఆపమనేది. బస్సు డ్రైవరును ఆపమనేది, అంగడివాణ్ణి ఆపమనేది. శ్మశానంలో వదిలేసి వచ్చిన ఏడుపు మళ్లీ ఊళ్లోకి వచ్చింది, ఎవరికో ఏదో అవుతుందని వణికేది. ధనమ్మకు నెల తప్పిందని తెలిశాక కూతురి అత్తగారింటికి పోయి, రేడియో ఎత్తి పెరట్లో పడేసిందట. వాళ్లు మొహం మీదే పిచ్చిది అన్నారు.

ఒకరోజు ఆమె మొగుడు మునస్వామి మామ తిరుపతిలో నా గదికి వచ్చాడు. గడప బయటే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకు మతి చలించిందని, నేను వచ్చి అది ఆమె గొంతు కాదని ఒక్క మాట చెబితే వింటుందని, పుణ్యముంటుందని బతిమాలాడు. నన్ను. నేను ఆయన వెంట బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పేయాలనే అనుకున్నాను. పాకాల దాటేదాకా అనుకున్నాను. పూతలపట్టు దగ్గర పడేకొద్దీ కంపెనీ, గోడల మీద బొమ్మలు, టీ అంగడి ముందు నాయన, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. బస్సు దిగేసరికి నా సంచిలో ఉన్న క్యాసెట్టు మీద చెయ్యి పడింది.

చెంగమ్మత్త వసారాలో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. నన్ను చూసి పీట జరిపింది.

"నిజం సెప్పు నాయనా. అది నా గొంతు కాదా?"

"కాదత్తా. మద్రాసులో ఒకామె పాడింది. ఇదో సూడు, ఈడ ఆమె పేరు కూడా ఏసుండారు."

క్యాసెట్టు డబ్బాలోని కాగితం తీసి ఒక వరస మీద వేలు పెట్టాను. ఆమెకు చదువు రాదు. ఆ వరసలో ఉన్నది నా పేరు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమింది.

"ఏం పేరు?"

"రాజేశ్వరి."

"ఆయమ్మకీ బిడ్డ సచ్చిపోయినాడా?"

"లేదత్తా. ఆమె పాటలు పాడే మనిషి."

"బిడ్డ సావకుండా అట్ల ఎట్ల ఏడస్తాది?"

ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక నేను చింతగింజలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. చివరికి ఆమే నన్ను గట్టెక్కించింది.

"సరేలే. నువ్వు సదువుకున్నోడివి, నాతో అబద్దం ఎందుకు సెప్తావు. నాకే ఏమో అయ్యుండాది."

తర్వాత ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. నేను తాగాను. మునస్వామి మామ బస్సు దాకా వచ్చి నా రెండు చేతులూ కళ్లకు అద్దుకున్నాడు.

మర్నాటి నుంచే ఆమె గొడవ మానేసింది. ఊరంతా, చూశారా ఒక్క మాటతో నయం చేశాడని నన్ను మెచ్చుకుంది. తిరుపతిలో ఎవరో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే బిళ్లలు ఇచ్చాడు. పగలంతా మత్తుగా ఉండేది. బస్సులో నా పాట వస్తే, తనకు బాగానే ఉందని పక్కవాళ్లకు తెలియడానికి నవ్వేదట. ఆ నవ్వు నేనూ ఒకసారి చూశాను. చిత్తూరు బస్సులో వెనక సీట్లో ఉన్నాను, ఆమె నన్ను చూడలేదు. దిగిపోవడం ఆరోజే మొదలైంది.

ఆమె ఒప్పారి కూడా ఎత్తుకోలేదు మళ్లీ. పిలవడానికి వచ్చినవాళ్లతో, నా చెవులను నేనే నమ్మలేను, నా గొంతును ఎట్లా నమ్మేది అని చెప్పి పంపేసేది. మూడేళ్ల తర్వాత మా నాయన పోయాడు. ఆమె వచ్చింది. ఆయన తల దగ్గర కూర్చుంది. ఆడవాళ్లందరూ ఆమె వంక చూశారు, నేనూ చూశాను. ఒక్క మాట ఎత్తుకుంటే చాలు, నేను అందరి ముందూ లేచి నిజం చెప్పేస్తానని ఆ నిమిషంలో ఒట్టు పెట్టుకున్నాను. ఆమె పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి. మా నాయన ఏడుపు లేకుండానే వెళ్లిపోయాడు. నేనూ నోరు తెరవలేదు. ఆమె తెరవలేదని నేను తెరవలేదట. ఎంత బాగా కుదిరిందో చూడండి నాకు.

తర్వాత ఇంకో రెండు క్యాసెట్లు తీశాను. ఎవరూ కొనలేదు, కొనడానికి వాటిలో ఏమీ లేదు. ఇప్పుడు తిరుపతిలో బట్టల అంగళ్ల ప్రకటనలకు గొంతు ఇస్తుంటాను. కానీ ఆ మొదటి పాట చావలేదు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్లలోకి ఎక్కింది.

పోయిన ఏడాది చెంగమ్మత్త చనిపోయింది. వెళ్లాను. వసారాలో పడుకోబెట్టారు. ఆడవాళ్లు పదిమంది చుట్టూ కూర్చున్నారు గానీ రాగం తీసి ఎత్తుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ తరం అయిపోయింది, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. మగవాళ్లలో ఎవరి జేబులోనో ఫోను మోగింది. రెండు దెబ్బలు, ఒక కేక. ఆ మనిషి సిగ్గుపడి గబగబా తీసి నొక్కేశాడు. అంతసేపే. ఆమె మీద ఆమే ఏడ్చినట్టు నా ఒక్కడికే తెలిసింది. నేను పెరటి వైపు పోయి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. పొద్దున ఏమీ తినలేదేమో అని ఎవరో నీళ్లిచ్చారు.

కర్మలు అయ్యాక, అంతా చెప్పేయాలని మళ్లీ వెళ్లాను. ధనమ్మ కాఫీ ఇచ్చింది. నేను ఏమీ అడగకుండానే తనే చెప్పుకొచ్చింది.

"అమ్మ మాదిరే నాకూ అయితాదేమో బావా. కుక్కర్ ఈల ఏస్తే కూడా నిజంగా ఏసిందా, నాకే అట్ల వినబడిందా అని ఆయన్ని అడగతా ఉండా. ఇది రక్తంలోనే ఉంటాది అంటారు కదా. ఆడబిడ్డను కన్నాను, దానికి కూడా వస్తాదేమో."

అదేం ఉండదులే, ఊరికే భయపడకు అన్నాను. నేను చెప్పింది అంతే. కాఫీ తాగి, లేచి వచ్చేశాను. వయసు వచ్చింది, జుట్టు ఊడింది, నోరు మాత్రం అదే.

ఆ రోజు నుంచి స్థిమితం లేదు. లేస్తాను, కూర్చుంటాను, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతాను. పోయినామెకు నేను చేసింది ఇక దిద్దలేను, ఆ లెక్క నేను మోయాల్సిందే. కానీ బతికున్న ఒక ఆడమనిషి, వంటింట్లో ఈల వేసే కుక్కరు ముందు నిలబడి తన చెవులను తాను నమ్మకుండా భయపడుతోంది. ఆ భయం నేను పెట్టింది. రేపు ఆ చిన్నపిల్లకూ పెడతాను, ఊరుకుంటే. క్షమించమని నేను ఎవరినీ అడగడం లేదు. అడిగే అర్హత లేదని పెద్ద మాటలు కూడా చెప్పను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఈ జన్మకు నాకు లేదని తేలిపోయింది, అందుకే రాస్తున్నాను. నాకు ఇంత మాత్రం ఊపిరి ఆడి చాలా ఏళ్లయింది.

దీంట్లో నేను నా పేరు రాయలేదు. దాము పేరు, మునస్వామి మామ పేరు, ధనమ్మ పేరు మార్చాను. పాట పేరు కావాలనే చెప్పలేదు. మొదట ఆమె పేరు కూడా మార్చి రాశాను. చదువుకుంటే ఒళ్లు మండింది. ఇంతా చేసి, చివరికి ఒప్పుకోవడంలో కూడా ఆమె గొంతుకు ఇంకొకరి పేరే పెడుతున్నానా? కొట్టేసి మళ్లీ రాశాను. ఆమె పేరు చెంగమ్మే. మా మండలంలో చదివినవాళ్లకు ఇది ఎవరి కథో తెలిసిపోతుంది, ధనమ్మకు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. తెలియనీ.

అమ్మాయీ, మీ అమ్మకు మతి చలించలేదు. ఆమె విన్నది ఆమె గొంతే.